పిల్లల మీద కాపలా ఉన్న చేప: పానగల్ నుంచి జూరాల దాకా ఐదు రోజులు

మొదటి రోజు: నల్గొండ, పానగల్

పొద్దున ఆరింటికి బండి తీస్తుంటే మా బామ్మర్ది అడిగాడు. "బావా, సముద్రంల చేపల్ని కొట్టొచ్చినోనివి. ఈ చెరువుల పొంటి తిరిగి నువ్వు చూసేదేముంది?"

అప్పుడు వాడికి సరిగా జవాబు చెప్పలేదు. ఒక్క మాటలో చెప్పేది కాదు. ఐదు రోజుల దారిలో కొంచెం కొంచెంగా చెప్పుకుంటూ పోయాను.

నేను పదకొండేళ్ళు ఫుజైరాలో ఏసీ మెకానిక్‌గా పనిచేశాను. ఇరవై నాలుగేళ్ళు వచ్చేదాకా సముద్రం చూడలేదు. కానీ నీళ్ళంటే చిన్నప్పటి నుంచీ భయం లేదు. మా ఊళ్ళో ఈత నేర్చుకునేది వ్యవసాయ బావుల్లోనే. గడ్డమీంచి దూకి, అడుగు దాకా పోయి, పిడికెడు మట్టి తెచ్చి పైనున్నవాళ్ళకు చూపించాలి. మట్టి లేకుండా తేలితే ఎవరూ నమ్మరు. ఆ మట్టి కోసం ఊపిరి బిగబట్టడం అలవాటైన పిల్లవాడికి ఫుజైరా రాళ్ళ దగ్గర ఒకాయన వేట నేర్పాడు. సిలిండర్ ఉండదు. కళ్ళకు మాస్క్, కాళ్ళకు ఫిన్స్, చేతిలో రబ్బరు బిగించిన ఈటె తుపాకి. ఒక్క ఊపిరితో దిగాలి, ఒక్కసారే కొట్టాలి, పైకి రావాలి. ఒకరు దిగితే ఇంకొకరు పైనుంచి కనిపెట్టుకుని ఉండాలి. పైకి వచ్చేటప్పుడు, ఇంకో రెండు మూడు మీటర్లు ఉందనగా స్పృహ తప్పి పోయినవాళ్ళున్నారు. లైసెన్సు తీసుకున్నాను, సెలవు రోజులన్నీ నీళ్ళలోనే గడిపాను.

నా మనసంతా ఒక్క చేప మీదే ఉండేది. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళందరికీ తెలుసు, హమూర్. గ్రూపర్ జాతి. గోధుమ రంగు ఒళ్ళు, దాని మీద నారింజ చుక్కలు, బరువైన పెదాలు. మిగతా చేపలు మనల్ని చూసి పారిపోతాయి. హమూర్ అట్లా కాదు. తన బొరియ ముందుకు వచ్చి, మొప్పలు మెల్లగా ఆడిస్తూ, మనిషి ముఖంలోకి ముఖం పెట్టి చూస్తుంది. ఆ చూపు కోసమే నేను అన్నిసార్లు దిగానేమో. దాన్ని కొట్టడానికి వీలయ్యేది కూడా అట్లా నిలబడి చూస్తుంది కాబట్టే.

పానగల్ ఉదయసముద్రం కట్ట మీద ఎండ పడేసరికి థర్మాకోల్ తెప్పల మీద పోయినవాళ్ళు ఒడ్డుకు వస్తున్నారు. కందూరు చోళుల నాటి చెరువు ఇది. పక్కనే ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద పడే నీడను చూడటానికి జనం వస్తారు. మేము వలల్లోకి చూశాం. ఎక్కువగా జిలేబి, కొంచెం రవ్వు, ఒక మోస్తరు బంగారు తీగ. ఒక బకెట్‌లో మూత కింద కదులుతున్నవి రెండే రెండు కొర్రమీనులు. బకెట్‌లో అరచేతి లోతు నీళ్ళున్నాయి. వాటికి అంతే చాలు. కొర్రమీను నోటితో పైగాలి పీల్చి బతుకుతుంది. ఎండాకాలం చెరువు ఎండితే తడి బురదలో ఒదిగి వానల దాకా ఉండగలదు.

ఆ రెంటిలో ఒకటి పొట్ట నిండా గుడ్లతో ఉంది. కొన్నాయన అక్కడే కోయించుకున్నాడు. కత్తిపీట దగ్గర కూర్చున్నామె గుడ్ల సంచి తీసి పక్కన పెట్టి, "ఇవి సుత ఎయ్యాల్నా?" అని అడిగింది. ఆయన వెయ్యమన్నాడు.

2016లో తెలంగాణ ప్రభుత్వం రాష్ట్ర చేపగా ప్రకటించింది ఈ కొర్రమీనునే. మృగశిర కార్తె రోజు నాంపల్లిలో చేపమందు కోసం మింగేది దీని పిల్లనే. పథ్యానికీ ఇదే, బాలింతకూ ఇదే, ఇంటికి అల్లుడొస్తే ఇదే. ఇంత ఇష్టపడే చేప గుడ్లు పెట్టే నెలల్లో ఒడ్డున ఏం జరుగుతుందో చూద్దామనే ఈ ఆషాఢంలో బయల్దేరాను.

రెండో రోజు: నాగార్జునసాగర్

దారి గురించి చెప్పడానికి పెద్దగా లేదు. హాలియా దగ్గర టీ తాగాం, సాగర్ చేరేసరికి మధ్యాహ్నమైంది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి వేసిన డ్యాం. మా ఇంట్లో పెద్దవాళ్ళు దాని రాతి పని గురించి ఇప్పటికీ గర్వంగా చెప్తారు. ఇరవై ఆరు గేట్లూ మూసి ఉన్నాయి. పైనుంచి నీళ్ళు ఇంకా రాలేదు. ఒడ్డున పాత నీటిమట్టాల గీతలు మెట్లలాగా కనిపించాయి.

జలాశయం ఒడ్డున గుడిసెల్లో కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలున్నాయి. విశాఖ వైపు నుంచి వచ్చినాయన ఒకరితో మాట కలిసింది. ఫోన్‌లో హమూర్ ఫొటో చూపించగానే గుర్తుపట్టాడు. "ఇది మా సముద్రంలోనూ ఉంటుందండి. రాళ్ళల్లో ఉంటుంది" అన్నాడు. నిజమే. విశాఖపట్నంలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ ప్రాంతీయ కేంద్రం ఇదే చేప పిల్లల్ని హేచరీలో పుట్టించగలిగింది. సముద్రంలో పట్టేదాన్ని తగ్గించి పెంచుకుని తినే దారి ఒకటి ఉందని ఆ కబురు చదివిన రోజు నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

రాత్రి లాడ్జిలో కరెంటు పోయింది. వరండాలో కూర్చుని మా బామ్మర్దికి హమూర్ సంసారం గురించి చెప్పాను. ఈ జాతి చేపల్లో చాలావరకు మొదట ఆడవిగానే పెరుగుతాయి. కొన్నేళ్ళు గుడ్లు పెట్టి, బాగా ఎదిగాక వాటిలో కొన్ని మగవిగా మారతాయి. కాబట్టి ఒక రాళ్ళగుట్టలో అన్నిటికన్నా పెద్ద చేప చాలాసార్లు మగది. దాన్ని కొట్టేస్తే చుట్టూ ఆడ చేపలు ఎన్ని ఉన్నా లాభం లేదు. ఇంకొకటి ఎదిగి మారేదాకా ఆగాలి. ఎదగనిస్తేనే కదా.

"అంటే పెద్దదాన్ని కొడ్తె ఇంటి పెద్దను కొట్టినట్టే" అన్నాడు వాడు. అంతకన్నా బాగా నేను చెప్పలేను.

ఇంకో బలహీనత కూడా ఉంది వీటికి. కరేబియన్ సముద్రంలో నసావ్ గ్రూపర్ అని ఉంటుంది. ఏడాదంతా దేని బొరియలో అది ఒంటరిగా బతికి, చలికాలం పౌర్ణమి రోజుల్లో మాత్రం వేల సంఖ్యలో ఒకే చోట చేరి గుడ్లు పెడుతుంది. తరతరాలుగా అదే చోటు, అదే సమయం. చోటు తెలిసినవాడు పడవ వేసుకుని పోతే చాలు. లిటిల్ కేమన్ అనే చిన్న దీవి దగ్గర 2001లో అలాంటి గుంపు బయటపడింది. దాదాపు 7,000 చేపలు. రెండు చలికాలాల్లో సగానికి పైగా పట్టేశారు. 2003లో అక్కడ గుడ్ల కాలంలో వేట ఆపారు. పదిహేనేళ్ళకు ఆ గుంపు మళ్ళీ ఏడు వేల దరిదాపులకు వచ్చింది. ఫ్రాన్స్‌లో మధ్యధరా తీరాన 1980లో గ్రూపర్‌ను ఈటెతో కొట్టడం నిషేధించారు, 1993లో గాలంతో పట్టడం కూడా ఆపారు. అక్కడా చేప తిరిగొచ్చింది. ఆపితే తిరిగొస్తుంది అన్నది నా ఆశ కాదు, లెక్కపెట్టి చూసిన సంగతి. నాకు అన్నిటికన్నా బలమిచ్చే విషయం అదే.

నేను కొట్టినదాని గురించి మాత్రం ఆ రాత్రి చెప్పలేదు.

మూడో రోజు: డిండి వైపు ఒక చెరువు

కొండమల్లేపల్లి, దేవరకొండ దాటి డిండి వైపు పోతుంటే ముందురోజు కురిసిన వానకు పత్తి చేలు కడిగినట్టున్నాయి. నిజాం కాలం నాటి డిండి ప్రాజెక్టు అలుగు చూసుకుని ముందుకు పోదామనుకున్నాం. దారిలో ఒక ఊరి చెరువు కట్ట మీద ఒక పెద్దాయన చేతిలో బరిసెతో కనబడ్డాడు. ఊరి పేరు రాయను. ఎందుకో కిందికి చదివితే తెలుస్తుంది.

బరిసె అంటే వెదురు కర్ర, చివర ఐదు ఇనుప ములుకులు, వాటికి వెనక్కి తిరిగిన కొక్కేలు. ఊరి కమ్మరి చేసిచ్చింది, ముప్పై ఏళ్ళయిందట. చేతికి తీసుకుంటే బరువు సరిగ్గా మధ్యలో ఆగింది. నా ఫుజైరా తుపాకి దాని ముందు బొమ్మలాంటిది అనిపించింది. ఈ నీళ్ళలో నా మాస్క్ ఎందుకూ పనికిరాదు, మూరెడు దూరం కూడా కనపడదు. ఇక్కడ వేటగాడు నీళ్ళలోపల చూడడు, ఒడ్డున నిలబడి నీళ్ళ మీద జరిగేది చూసి లోపలున్నది చెప్తాడు.

"గదిగో, తుంగ పక్కన చూడుండ్రి" అన్నాడు పెద్దాయన.

ఎసరు మరుగుతున్నట్టు నీళ్ళ మీద చిన్న చిన్న బుడగలు లేస్తున్నాయి. చూపు కుదిరాక రంగు కనపడింది. చాటంత మేర నారింజ ఎరుపు. వందల కొర్రమీను పిల్లలు గాలి కోసం పైకి రావడం, దిగడం, మళ్ళీ రావడం.

ఆ పిల్లల కిందనే తల్లీ తండ్రీ ఉంటాయి. కొర్రమీను జంట ఒడ్డు దగ్గర గడ్డి మధ్య కొంచెం చోటు చదును చేసుకుని గుడ్లు పెడుతుంది. గుడ్లు పైన తేలతాయి, ఒకటి ఒకటిన్నర రోజులోనే పిల్లలవుతాయి. అప్పటి నుంచి అవి ఎదిగి చెదిరిపోయేదాకా రెండూ కాపలా ఉంటాయి. కప్ప వచ్చినా, పాము వచ్చినా మీదికి పోతాయి. అది తెలిసినవాళ్ళు గాలానికి కప్పను గుచ్చి పిల్లల మీద ఆడిస్తారు. ఆకలితో కాదు, పిల్లల్ని తింటుందన్న కోపంతో పెద్ద చేప దాన్ని అందుకుంటుంది. బరిసె పట్టినవాడికి అదీ అక్కర్లేదు. పిల్లలు కనపడితే పెద్దది అక్కడే ఉన్నట్టు. ఊపిరికి పైకి వచ్చినప్పుడు కొడితే చాలు.

కట్ట మీద కూర్చుండిపోయాను. సముద్రంలో గుడ్లు పెట్టడానికి గుంపు కట్టిన చేపను పట్టడం, ఇక్కడ పిల్లల్ని వదిలి పోలేని చేపను పట్టడం. ఇన్ని వేల మైళ్ళ తేడాలో పట్టేవాడి తెలివి ఒక్కటే. చేప ఎప్పుడు పారిపోలేదో ఆ సమయం కనిపెట్టడం.

"ఇప్పుడు కొడ్తవా పెద్దయ్యా?" అని అడిగాను.

"ఇప్పుడే దొరుకుతది బిడ్డా. ఆరు నెలలు తిరిగినా మామూలప్పుడు కానరాదు. మనుమరాలు పురుడుకొచ్చింది" అన్నాడు. ఆయన గొంతులో తప్పు చేస్తున్న బెదురు లేదు, ఉండాల్సిన పనీ లేదు. మత్స్యకారుల సంఘంలో సభ్యుడు, ఆ చెరువు మీద హక్కున్నవాడు. నేను దారిన పోయేవాణ్ణి.

అందుకని నీతి చెప్పలేదు. నా సంగతి చెప్పాను. మొదటిసారి బయటివాళ్ళకు.

ఫుజైరాలో ఒక రాతి కింద ఒక హమూర్ ఉండేది. ఎడమ దవడ మీద పాత గాలం చీల్చిన మచ్చ. మూడు చలికాలాలు దాన్ని అదే బొరియలో చూశాను. మొదటి ఏడు అందలేదు. రెండో ఏడు అందింది, కానీ ఊపిరి చాలక వదిలేశాను. మూడో ఏడు అది ఎప్పటిలాగే ముందుకు వచ్చి నన్ను చూసింది. కొట్టాను. బొరియలోకి దూరి, మొప్పలు విప్పి, ముళ్ళు నిక్కించి రాళ్ళకు బిగుసుకుపోయింది. దాన్ని బయటికి లాగడానికి ఎనిమిది సార్లు దిగాల్సి వచ్చింది. పన్నెండు కిలోలు. క్యాంపులో అందరూ ఫొటోలు తీశారు, ఆ రాత్రి నలభై మంది తిన్నాం. ఆ తర్వాతి ఏడు పోతే బొరియలో ఏమీ లేదు. ఆపై ఏడు కూడా లేదు. బొరియ గుమ్మంలో నాచు పెరిగింది. హమూర్ మసిలే చోట ఇసుక ఊడ్చినట్టు శుభ్రంగా ఉంటుంది. నాచు చూసినప్పుడు నాకు అర్థమైంది.

ఈటె వేటగాళ్ళం ఒక మాట గొప్పగా చెప్పుకుంటాం. వల అన్నిటినీ పడుతుంది, మేము మాత్రం చూసి, ఒక్కదాన్నే ఎంచుకుని కొడతాం అని. అది అబద్ధం కాదు. కానీ అప్పటిదాకా నేను ఎంచుకున్నది ఎప్పుడూ అన్నిటికన్నా పెద్దదాన్నే. ఎంచుకోగలిగినవాడు వదిలేయడం కూడా ఎంచుకోగలడని నాకు ఆ నాచు చూసేదాకా తట్టలేదు. అప్పటి నుంచి పెద్ద హమూర్ మీద ఈటె వెయ్యలేదు. దిగడం మానలేదు. దిగి, ఎక్కడ ఏది ఎంత ఉందో చూసి, పైకి వచ్చి నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి.

పెద్దాయన అంతా విని ఒక్కటే అడిగాడు. "ఆ బొర్రెలకు మల్ల వేరేది రాలేదా?"

"నేనున్నన్ని దినాలు రాలేదు పెద్దయ్యా."

బరిసెను కట్ట రాళ్ళకు ఆనించి బీడీ ముట్టించాడు. "నెల ఆగితే పిల్లలు చెదురుతయ్. అప్పుడైతే తల్లిని కొట్టినా పిల్లలు బతుకుతయ్" అన్నాడు, తనలో తాను లెక్క వేసుకుంటున్నట్టు. మళ్ళీ, "నేను ఆగుత సరే, కప్పగాలపోళ్ళు ఆగుతరా?" అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. మేము లేచేటప్పటికి ఆయన ఇంకా అక్కడే కూర్చుని ఉన్నాడు, బరిసె పక్కనే ఉంది. ఇదే, ఊరి పేరు రాయకపోవడానికి కారణం. రాస్తే రేపు అక్కడికి గాలాలు పోతాయి. వేటగాళ్ళు మంచి రాళ్ళ చోటు ఎవరికీ చెప్పరు. తమ వాటా కోసం దాచుకుంటారు. నేను చేప వాటా కోసం దాస్తున్నాను.

నాలుగో రోజు: సోమశిల

అచ్చంపేటలో పడుకుని, పొద్దున కొల్లాపూర్ మీదుగా సోమశిల చేరాం. నల్లమల కొండల మధ్య శ్రీశైలం బ్యాక్ వాటర్. ముంపు నుంచి పైకి తరలించి కట్టిన సోమేశ్వరుడి గుళ్ళు ఒడ్డున. సెలవు రోజు కాదు కాబట్టి బోటింగ్ జనం తక్కువ. పుట్టి నడిపే అతను ఒకరు మమ్మల్ని ఒడ్డు వెంట కొంత దూరం తిప్పాడు.

ఇక్కడ అందరి నోటా ఒక్కటే మాట, అలవి వల. చాలా పొడవైన లాగుడు వల, దోమతెర లాంటి కన్నులు. పది మంది కలిసి లాగుతారు. వేలెడు పిల్ల కూడా తప్పించుకోదు. నిషేధం ఉంది. అయినా ఏటా ఎక్కడో ఒకచోట రాత్రిపూట పడుతూనే ఉంటుందని పుట్టి నడిపే అతను చెప్పాడు. ఒడ్డున ఒకచోట ఎండబోసిన చేపల వాసన వచ్చింది. దగ్గరికి పోతే పరదా మీద పరిచి ఉన్నవి చిటికెన వేలంత చేపలు. ఒక గుప్పెడు తీసి చూశాను. చిన్న జాతి చేపలు కొన్నే. మిగతావి పెద్దగా ఎదగాల్సిన చేపల పిల్లలు. రవ్వు పిల్లలు, బొచ్చె పిల్లలు కూడా.

2016 నుంచి ప్రభుత్వం చెరువుల్లోకీ జలాశయాల్లోకీ చేపపిల్లల్ని ఉచితంగా వదులుతోంది. ప్రజల డబ్బుతో వదిలిన పిల్ల ఎదగకముందే పరదా మీద ఎండుతుంటే కడుపు మండింది. మా బామ్మర్ది అయితే ఆ మనిషితో గొడవకే దిగబోయాడు. ఆపాను. ఎండబోస్తున్నది ఒక ముసలామె. రోజు కూలికి వచ్చింది. వల ఎవరిదో, చేప ఎటు పోతుందో ఆమెకు తెలియదు.

పుట్టి నడిపే అతని ఆలోచన నాకు బాగా నచ్చింది. సంఘం వాళ్ళే పెద్ద కన్ను వలలు మాత్రమే వాడతామని తీర్మానం చేసుకుని, రాత్రిపూట వంతులవారీగా కాపలా తిరగాలని. "బయటోళ్ళు మస్తుమంది వస్తరన్నా. మా నీళ్ళకు మేమే పోలీసోళ్ళం కావాలె" అన్నాడు. ఆ నీళ్ళలో పడుకుని లేచేవాడి మాట అది. నేను ఒక మాట కలిపాను. ఆషాఢ శ్రావణాల్లో తుంగ ఉన్న ఒడ్డులు కొన్ని ఎంచుకుని అసలు ముట్టకుండా వదిలేస్తే కొర్రమీను తన పని తాను చూసుకుంటుంది. సర్కారు వదిలే పిల్లల్లో ఎక్కువ రవ్వు, బొచ్చె లాంటివే. కొర్రమీనుకు మాత్రం ఒక నెల సడి లేని ఒడ్డు ఇస్తే అదే తన పిల్లల్ని కాపాడి పెంచుతుంది. అతను నవ్వకుండా విన్నాడు, ఏ ఒడ్డులో చెప్పమన్నాడు. పుట్టి వెనక్కి తిప్పి మూడు చోట్లు అతనే నాకు చూపించాడు.

ఐదో రోజు: జూరాల, మళ్ళీ ఆ చెరువు

పెబ్బేరు మీదుగా జూరాల. పైనుంచి వరద మొదలైంది, కొన్ని గేట్లు ఎత్తారు. జనం సెల్ఫీల్లో ఉన్నారు. జూరాల పోయి చేప తినకుండా ఎవరూ రారు, మేమూ తిన్నాం. వేయించిన రవ్వు ముక్కలు, పచ్చి ఉల్లిగడ్డ, నిమ్మకాయ. కొర్రమీను ఉందా అని అడిగితే సాయంత్రం వస్తుందన్నారు. సాయంత్రం దాకా ఉండే ఆలోచన నాకు లేదు. మనసంతా డిండి వైపే లాగుతోంది.

వనపర్తి, నాగర్‌కర్నూల్ మీదుగా తిరిగి ఆ చెరువుకు వచ్చేసరికి నాలుగు దాటింది. మబ్బు బాగా కమ్ముకుంది. కట్ట మీద పెద్దాయన లేడు, బరిసె లేదు. రాళ్ళ మధ్య బీడీ ముక్కలు నాలుగైదు.

తుంగ పక్కన నీళ్ళు మరుగుతూనే ఉన్నాయి. పిల్లలు బారెడు ఇవతలికి జరిగాయి. ఉన్నాయి. కానీ పిల్లలు ఉన్నంత మాత్రాన పెద్దవి రెండూ ఉన్నట్టు కాదు. కట్ట దిగి, రాయి మీద గొంతుకూర్చుని, నీళ్ళ మీద కళ్ళు పెట్టాను. కొర్రమీను ఎంత దాక్కున్నా ఊపిరికి పైకి రాక తప్పదు.

కాసేపటికి తుంగ దగ్గర నల్లటి తల ఒకటి పైకి వచ్చి గుటకేసి దిగింది. వెడల్పాటి సుడి. అది ఒకటి. వెంటనే అలవాటుగా లోపల లెక్క మొదలైంది, నీళ్ళ కింద నా ఊపిరి లెక్కపెట్టుకున్నట్టే. అరవై. తొంభై. నూట ఇరవై. రెండో సుడి కోసం చూస్తున్నాను. నూట యాభై దగ్గర ముక్కు మీద ఒక చుక్క పడింది. తర్వాత నీళ్ళ మీద ఒకటి, పది, వంద. చెరువంతా సుడులే అయింది. ఏది వాన చుక్కో, ఏది చేపో తెలియలేదు.

లేచి కట్ట ఎక్కాను. బండి దగ్గర గొడుగు పట్టుకుని నిలబడ్డ మా బామ్మర్ది తుంగ వైపే చూస్తున్నాడు.

"పోదామా?" అన్నాను.

"ఇంకింత సేపు ఉందాం బావా. వాన ఆగనీ" అన్నాడు.

ఇద్దరం ఆ గొడుగు కింద కట్ట మీదే కూర్చున్నాం.